నూరేళ్ల గేదె

రాణిగట్ల గోల్ఫ్ క్లబ్బు వ్యాను దిబ్బపాలెం వైపు తిరిగిందంటే నూకాలు చేసే పని ఒక్కటే. పాకలో కట్టేసిన గేదెని విప్పి, వెనక తాటితోపులోకి తోలేయడం. వ్యాను వచ్చేది గేదెని పట్టుకుపోవడానికే. తీసుకెళ్లి బందెలదొడ్డిలో పడేస్తారు. అక్కడ గడ్డీ ఉండదు, నీళ్లూ ఉండవు. విడిపించుకోవాలంటే నూకాలు రెండ్రోజులు క్లబ్బు గేటు దగ్గర చేతులు కట్టుకు నిలబడాలి. ఏడాదిలో ఇలా ఏడుసార్లు జరిగింది.

ఆ మంగళవారం మాత్రం వ్యాను మరీ పెందలాడే వచ్చేసింది. నూకాలు అప్పుడే చెంబు మోకాళ్ల మధ్య పెట్టుకుని పాలు పితుకుతోంది. లేచి కట్టు విప్పేలోపే క్లబ్బు గౌరవ కార్యదర్శి హేరంబరావుగారు వ్యాను దిగి పాక ముందుకి వచ్చేశారు. ఆయన చేతిలో పలుపుతాడు లేదు. బంతిపూల దండ ఉంది.

"ఏటి బాబూ, ఈవేళ దీన్ని బయటికి ఒగ్గనేదు. ఒట్టు. సూడండి, గుంజకే ఉంది," అంది నూకాలు గుంజ చూపిస్తూ.

"అయ్యో, భయపడకు నూకాలమ్మా," అన్నారు హేరంబరావుగారు. నిన్నటిదాకా ఆమె పేరు చివర అమ్మ లేదు. ఆయన గుమ్మంలో బూట్లు విప్పారు. దిబ్బపాలెం పుట్టాక అక్కడ బూట్లు విప్పిన పెద్దమనిషి మరొకడు లేడు. కింద ఏముందో చూసుకోకుండా విప్పారు గనక మేజోళ్లు పాడైపోయాయి. అయినా మొహం చిట్లించకుండా ముందుకు నడిచి, దండని గేదె మెడలో వేశారు. గేదె మెడ తిప్పి సగం దండ నమిలేసింది.

"ఒసే మంగా!" అని నూకాలు చెయ్యెత్తింది.

"వద్దు, వద్దు. వారిని తిననివ్వు. వారి ఇష్టం," అన్నారు హేరంబరావుగారు.

క్లబ్బు సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఊరి చివర, సముద్రానికి కూతవేటు దూరంలో నూట ఇరవై ఎకరాల పచ్చిక. ఊళ్లో కుళాయిలు రోజు విడిచి రోజు వస్తాయి గాని, ఆ పచ్చిక మీద మాత్రం రోజుకి రెండు పూటలా నీళ్లు చిమ్ముతాయి. పద్దెనిమిది చోట్ల గుంతలు తవ్వి, గుంతకో జెండా పాతారు. పెద్దమనుషులు ఒక చిన్న తెల్లబంతిని కర్రతో కొట్టి, దాని వెనకాల నడుచుకుంటూ, పొద్దున ఆరింటినుంచి పదింటివరకు దేశం బాగుపడే మార్గాలు మాట్లాడుకుంటారు. ఆరో జెండా అవతల ముళ్లకంచెని ఆనుకుని ముప్ఫై రెండు పాకలున్నాయి. అదే దిబ్బపాలెం. బంతి వచ్చి పాక మీద పడితే పాలెం వాళ్లు పట్టుకెళ్లి ఇవ్వాలి. గేదె వెళ్లి పచ్చిక మీద పడితే బందెలదొడ్డి. ఇరుగుపొరుగుల మధ్య ఒప్పందం అలా నడుస్తోంది.

ఈమధ్య కార్లు ఎక్కువై నిలుపుకోవడానికి చోటు చాలడం లేదు. దిబ్బపాలెం వాళ్లు "ఇటీవలి కాలంలో ఎక్కడినుంచో వచ్చిపడిన ఆక్రమణదారులు" అని క్లబ్బు రెవెన్యూ వారికి అర్జీ పెట్టుకుంది. రెవెన్యూ వారు అరవై రోజుల్లో ఖాళీ చెయ్యమని పాకపాకకీ నోటీసు అంటించారు. నూకాలు ఇంటి తాటాకు గోడకి జిగురు పట్టకపోతే గేదె గుంజకి కట్టి పోయారు. నూకాలు ఆ పాకలోనే పుట్టింది. ఆవిడ తల్లీ అక్కడే పుట్టింది. మొగుడు పోయాక పదేళ్లుగా ఐదు టీ కొట్లకి పాలు పోసి బతుకుతోంది. పట్టా అంటారా, పాలెంలో ఎవరికీ లేదు. ఎక్కడికి పోవాలో నోటీసులో రాయలేదు.

సరిగ్గా అప్పుడే క్లబ్బు నెత్తిన కూడా పిడుగు పడింది. ఆ నూట ఇరవై ఎకరాలూ సర్కారు భూమి. కౌలు గడువు అయిపోవచ్చింది. నూరేళ్లుగా అవిచ్ఛిన్నమైన, సజీవమైన సంప్రదాయం కలిగిన ఆటస్థలాలకే కౌలు పొడిగిస్తామని ప్రభుత్వం కొత్త ఉత్తర్వు తీసింది. దాన్ని తేల్చడానికి ప్రాచీన క్రీడా ప్రాంగణాల వారసత్వ గుర్తింపు మండలి అని ఒకటి పెట్టింది. క్లబ్బు పుట్టి నూరేళ్లయిన మాట నిజమే. కాని రుజువు? మినిట్సు పుస్తకాలు చెదలకి పోయాయి. ఫొటోలు తుఫానులో కొట్టుకుపోయాయి. కప్పులు ఏమయ్యాయో పాత అధ్యక్షుల ఇళ్లు సోదా చేస్తే గాని తెలీదు. వెతగ్గా వెతగ్గా వంటగదిలో తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టిన టేకు చెక్క ఒకటి దొరికింది. మసి తుడిస్తే దాని మీద ఇంగ్లీషులో అక్షరాలు కనిపించాయి. "ఆరో గుంత వద్ద గేదె పడుకొని ఉన్నచో దానిని లేపరాదు. అది తనంతట తాను లేచి పోవువరకు ఆట నిలిపివేయవలెను. 1924." కింద క్లబ్బు స్థాపకుడు, గోనె మిల్లు మేనేజరు హాబ్సన్ దొర సంతకం ఉంది. ఆ దొర ఒకనాడు గేదెని కర్రతో పొడిచి లేపబోయి, మూడు నెలలు ఆస్పత్రిలో ఉండి వచ్చి, మొట్టమొదట రాయించిన నిబంధన అది.

క్లబ్బు ఆ చెక్క ఫొటో తీసి మండలికి పంపింది. మండలి నుంచి వారంలో జవాబు వచ్చింది. చెక్క సంతృప్తికరంగానే ఉన్నది. సంప్రదాయము సజీవముగా ఉన్నదా? గేదె ఏది? ఆ ఉత్తరం చదువుతున్నప్పుడు గేదె బందెలదొడ్డిలో ఉంది. ఆ పూటే విడిచిపెట్టేశారు.

అదీ దండ కథ. హేరంబరావుగారు జేబులోంచి కాగితం తీసి, గొంతు సవరించుకుని, పాక మధ్య నిలబడి చదివారు.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, దిబ్బపాలెం నివాసి అయిన గేదెను నేటినుండి క్లబ్బు యొక్క సజీవ వారసత్వముగా పరిగణించడమైనది. సదరు గేదె ప్రతిదినం ఉదయం ఏడు గంటలకు ఆరో గుంత వద్ద హాజరై, పడుకొని ఉండవలెను."

"పడుకోమంటే పడుకోదు బాబూ. దానికెక్కడ నచ్చితే అక్కడ పడుకుంతాది."

"అలవాటు చెయ్యాలి."

"మరి పాలెం ఖాళీ సెయ్యమన్నారు కదా. అరవై రోజుల్లో పది ఎల్లిపోనాయి. మావెల్లిపోతే గేదె ఎక్కడినుంచొస్తాది?"

హేరంబరావుగారు ముప్ఫై మూడేళ్లు సర్కారు కొలువు చేసి దిగిన మనిషి. ఏ ప్రశ్నకైనా ఆయన దగ్గర జవాబు తయారుగా ఉంటుంది. "అది వేరే ఫైలు," అన్నారు. "ఒక ఫైల్లో విషయం ఇంకో ఫైల్లోకి తేకూడదమ్మా. తెస్తే రెండూ ఆగిపోతాయి."

"ఆగిపోనీండి బాబూ. మాకు కావాల్సిందదే కదా."

ఆయన వినిపించుకోనట్టు నటిస్తూ బూట్లలో కాళ్లు దూర్చారు.

మండలికి చెక్క చాలదు, పుస్తకం కావాలి. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన పరంధామశాస్త్రిగారికి ఆ పని అప్పజెప్పారు. ఆయన మంచివాడు, భయస్థుడు. క్లబ్బులో కాగితమ్ముక్క లేకపోయేసరికి, ఇక గేదెనే అడగాలన్నట్టు నూకాలు పాకకి వచ్చి పీట మీద కూర్చున్నాడు.

నూకాలు చెప్పుకుపోయింది. మంగ తల్లి ముత్యాలు. దాని తల్లి నీలి. నీలికి ముందు తన తల్లి కాలంలో వంకరకొమ్ములది ఒకటి, పాలివ్వదు గాని మంచిది. అంతకుముందు అమ్మమ్మకి రెండుండేవి.

"దొరని పొడిసింది మా అమ్మమ్మ తల్లి గేదె బాబూ. దాని పేరు తెల్దు. శానా కోపిష్టిదంట. దొరని పొడిసీసినాక భయపడిపోయి దాన్ని ఆర్నెల్లు ఇంకో ఊర్లో దాసీసేరంట."

శాస్త్రిగారికి కళ్లు చెమర్చాయి. జీవితంలో మొదటిసారి తనకి అసలైన చరిత్ర దొరికిందనుకున్నాడు. ఆరు తరాల గేదెల వంశవృక్షం గీసి, ఈ పని కోసం క్లబ్బు వేసిన ఉపసంఘం ముందు పెట్టాడు. సాక్షిగా నూకాల్ని కూడా పిలిచి గుమ్మం దగ్గర నిలబెట్టారు.

ఉపసంఘంలో క్లబ్బు వకీలు ఆ కాగితం చూసి ఉలిక్కిపడ్డాడు. "ఇది మన కొంప ముంచుతుంది. ఉత్తర్వులో అవిచ్ఛిన్నం అని స్పష్టంగా ఉంది. ఒక గేదె చచ్చి, ఇంకోటి వచ్చేలోపు మధ్యలో ఎంత కాలం?"

"నీలి పోనాక దాని దూడ ముత్యాల్ని పాలకోసం ఇంకో ఊరు తోలీసేం, పదకొండు నెలలు పాలెంలో గేదె నేదు బాబూ," అంది నూకాలు నిజాయితీగా.

"విన్నారా? పదకొండు నెలలు చరిత్రకి గండి! ఆ పదకొండు నెలలకే కౌలు పోతుంది."

క్లబ్బు అధ్యక్షుడు జగపతిరాజుగారికి మూడు కాలేజీలున్నాయి. హాజరు పట్టీలో లేనివాళ్లని ఉన్నట్టు చూపించడం ఆయనకి కొత్త కాదు. "అయితే గేదె చావలేదు," అన్నారు. "మొదటినుంచీ ఉన్నది ఒకటే గేదె. రాసుకోండి."

"అయ్యా, గేదె పాతికేళ్లకి మించి బతకదు," అని గొణిగాడు శాస్త్రి.

"అది మామూలు గేదెల సంగతి."

"నీలిని నా సేతుల్తోనే పాతిపెట్టేను బాబూ," అంది నూకాలు.

"పాతిపెట్టినట్టు రశీదుందా?" అని అడిగాడు వకీలు. లేదు. ఏకగ్రీవంగా తీర్మానించారు. శాస్త్రిగారు ఇంటికి వెళ్లి వంశవృక్షంలో ఐదు తరాలు కొట్టేసి మంగని ఒక్కదాన్నీ ఉంచాడు. పాపం, ఆ రాత్రి అన్నం సహించలేదని తర్వాత చెప్పుకున్నాడు. సహించినా సహించకపోయినా పుస్తకం అయితే అచ్చుకి వెళ్లింది.

నూరేళ్ల గేదెకి వయసు ధ్రువపత్రం కావాలి. పశువుల డాక్టరుని రప్పించారు. ఆయన మంగ పెదవి ఎత్తి పళ్లు చూసి, "ఆరేళ్లు," అన్నాడు.

"నూరు," అన్నారు హేరంబరావుగారు.

"సార్, పళ్లు చెబుతున్నాయి."

"పళ్లు ఎవరు చూడొచ్చారండీ? రికార్డు చెబుతోంది."

డాక్టరుగారి సొంతూరు బదిలీ కాగితం ఆర్నెల్లుగా ఎక్కడో ఆగి ఉంది. అది ఎక్కడ ఆగిందో జగపతిరాజుగారికి తెలుసు. డాక్టరు చాలాసేపు ఆకాశం చూసి, "ఈ గేదెను పరీక్షించితిని. క్లబ్బు రికార్డుల ప్రకారం దీని వయసు నూరు సంవత్సరములు. వయసుకు మించిన ఆరోగ్యముతో ఉన్నది" అని రాసి, సంతకం మాత్రం అర్థం కాకుండా పెట్టాడు.

ఇక పరిశీలన. పది రోజుల ముందునుంచి మంగకి పడుకోవడం నేర్పించారు. హెడ్ మాలీ స్వయంగా ఆరో జెండా దగ్గర బోర్లా పడుకుని, ఎలా పడుకోవాలో చూపించాడు. మంగ నెమరు వేస్తూ అతన్ని చూసింది. రెండోరోజు అతని తువ్వాలు తినేసింది. అంతకుమించి ప్రగతి లేదు.

మండలి ప్రాంతీయ పరిశీలకుడు సచ్చిదానందంగారు మే నెల మూడోవారంలో వచ్చారు. క్లబ్బు భవనం ముందు షామియానా వేశారు. అధ్యక్షులవారు బంతి కొట్టి శతజయంతి పోటీ ప్రారంభిస్తారు. పరిశీలకులవారు చూస్తారు. తర్వాత అందరూ ఆరో జెండా దగ్గరికి వెళ్లి, పడుకున్న గేదెని దర్శిస్తారు. అదీ ఏర్పాటు. నూకాలు మంగని ముస్తాబు చేసి తోలుకొచ్చింది. మంగ ఆరో జెండా దాటి, ఐదో జెండా దాటి, తిన్నగా షామియానా దాకా నడిచి, ఎర్ర తివాసీ పక్కన నీళ్ల గొట్టం కారి బురదైన చోట చూసుకుని, జగపతిరాజుగారు బంతి పెట్టిన జాగాకి అడ్డంగా కూలబడింది.

"హై! హై!" అని ఎవరో సభ్యుడు చప్పట్లు కొట్టి అదిలించాడు.

"ఆగండి!" అని కేకపెట్టారు సచ్చిదానందంగారు. "నిబంధన! లేపరాదు!"

ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. సమయం ఎనిమిదింపావు. జగపతిరాజుగారు కర్ర ఎత్తినవారు ఎత్తినట్టే ఉన్నారు. తొమ్మిదైంది. పదైంది. షామియానా నీడ పక్కకి జరిగిపోయింది. ఇద్దరు సభ్యులు కళ్లు తిరిగి పడిపోతే వాళ్లని చప్పుడు కాకుండా మోసుకుపోయారు. నూకాలు ఒక్కతే గేదె పక్కన గొంతుక్కూర్చుని చల్లగా ఉంది.

పదకొండు దాటాక పరిశీలకులవారికి ఒక అనుమానం తోచింది. "నిబంధనలో ఆరో గుంత అని ఉన్నది. ఇది మొదటి గుంత కదా?"

హేరంబరావుగారు తన ముప్ఫై మూడేళ్ల అనుభవాన్నీ ఒక్క క్షణంలో కూడదీసుకున్నారు. "అయ్యా, గేదె ఎక్కడ పడుకుంటే అదే ఆరో గుంత. నూరేళ్లుగా ఇక్కడ అంతే." కనుసైగ చేశారు. మాలీ పరిగెత్తుకెళ్లి ఆరో జెండా పీక్కొచ్చి మంగ తోక దగ్గర పాతాడు.

సచ్చిదానందంగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నేను రాష్ట్రమంతా తిరిగాను. క్రీడ ఉన్నచోట క్రమశిక్షణ లేదు. క్రమశిక్షణ ఉన్నచోట గేదె లేదు," అన్నారు. పన్నెండున్నరకి మంగ లేచి, తోక ఝాడించి వెళ్లిపోయింది. క్లబ్బుకి గుర్తింపు వచ్చేసింది.

మరుసటి రోజునుంచి ఆరో జెండా మంగ వెంట తిరగడం మొదలెట్టింది. దానికోసం ఒక మనిషిని పెట్టారు. ఒకరోజు ఆరో గుంత పదిహేడో గుంత పక్కన ఉండేది, ఇంకోరోజు మురిక్కాలవలో ఉండేది. సభ్యులు మోకాళ్లదాకా బురదలో దిగి బంతి కొట్టి, ఇలాంటి సంప్రదాయం ఇంకే క్లబ్బులోనూ లేదని గర్వంగా చెప్పుకునేవారు.

గుర్తింపు పత్రంతోపాటు షరతులు కూడా వచ్చాయి. హేరంబరావుగారు పాకకొచ్చి చదివి వినిపించారు. వారసత్వ వస్తువునకు దేనినీ చేర్చరాదు. వారసత్వ వస్తువు నుండి దేనినీ వేరుచేయరాదు.

"అంటే ఏటి బాబూ?"

"అంటే, ఇకమీదట పాలు పితక్కూడదు."

నూకాలు పాలచెంబు గుండెకి హత్తుకుంది. "పితక్కపోతే పొదుగు గడ్డకట్టీసి సచ్చిపోద్ది బాబూ! నాను కొట్లకేటి పొయ్యాల? ఏటి తినాల?" అంది.

"నీ విన్నపం మండలికి పంపుతాను. ఆరు వారాల్లో సమాధానం వస్తుంది."

"ఆరు వారాలేటి, ఆరు పూటలు ఆగదు! దాని నెప్పి మీకు తెల్సేటి?"

"ఇంకోటి," అన్నారు హేరంబరావుగారు, ఆమె మొహం వైపు చూడకుండా, గుంజ పక్కన కట్టిన మంగ దూడని చూపిస్తూ. "ఆ దూడ. 1924లో ఆ దూడ లేదు. కాబట్టి అది ఆక్రమణ కిందికి వస్తుంది." దూడకి ఒక నోటీసు ఇచ్చి, అందుకున్నట్టు నూకాలు వేలిముద్ర వేయించుకున్నారు.

నూకాలు ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టి, ఎప్పటిలాగే పాలు పితికింది. పొదుగు మీద కన్నేసి ఉంచడానికి క్లబ్బు ఒక వాచ్‌మన్‌ని వేసింది. అతను రెండ్రోజులు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. మూడోరోజు టీ అడిగాడు. పాలు లేకుండా టీ ఎలా వస్తుందని నూకాలు అడిగింది. ఆ తర్వాత అతను పితికే వేళకి సముద్రం వైపు తిరిగి నిలబడేవాడు.

కౌలు తొంభైతొమ్మిదేళ్లకి పొడిగించారు. శాస్త్రిగారి పుస్తకం ఆవిష్కరించారు. అట్ట మీద మంగ బొమ్మ. సభలో శాస్త్రిగారు తలెత్తకుండా ఒక పేజీ చదివాడు. జనం చప్పట్లు కొట్టారు. వెనక నిలబడ్డ నూకాలు ఆ పేజీని చెవులప్పగించి వింది. మంగ బొమ్మ ఉందని చెప్పి ఒక పుస్తకం అడిగి పుచ్చుకుంది.

సరిగ్గా వారానికి రెండో ఫైలు కదిలింది. అరవై రోజుల గడువు దాటిపోయింది. పాలెం మలుపులో పొక్లెయిన్ వచ్చి నిలబడింది. చివరిమాటగా ఆర్డీవో దగ్గర విచారణ పెట్టారు. నూకాలుకి ఆ ముందురోజంతా తినబుద్ధి కాలేదు. పాలెం పోతే మంగ ఎలాగూ క్లబ్బుది, దూడ ఎక్కడుంటుందో, తనెక్కడుంటుందో. పాలెం ఆడవాళ్లంతా కలిసి నీకే మాట్లాడ్డం వచ్చు, నువ్వే మాట్లాడాలన్నారు.

ఆర్డీవో వసుంధరగారు చిన్నవయసు మనిషి, మాట మెత్తన. అర్జీ చదివారు. "దిబ్బపాలెం వాసులు ఇటీవలి కాలంలో వచ్చినవారని క్లబ్బు అంటోంది. మీరేమంటారు?"

నూకాలు చీర చెంగులోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. "నాకు సదువు రాదమ్మా. ఇందులో రాసీసినాది. మా గేదె నూరేళ్లనుంచీ ఒక్కరోజు మానకుండా పాలెంలో పాకలోంచి బయల్దేరి ఆరో జెండా కాడికి ఎల్తందని ఆ పంతులుగారే సదివేరు. మరి నూరేళ్ల కిందట గేదె తనకి తనే పాక ఏసుకుందేటమ్మా? తనకి తనే గుంజకి కట్టీసుకుందేటి? దానికి కుడితి ఎవులెట్టేరు?"

వసుంధరగారు పేజీ తిప్పి చదివి, హేరంబరావుగారి వైపు తిరిగారు. "ఈ పుస్తకంలో ఉన్నది నిజమేనా?"

పుస్తకం అబద్ధమంటే కౌలు పోతుంది. నిజమంటే అర్జీ పోతుంది. హేరంబరావుగారి నుదుటి మీద చెమట నూకాలుకి బల్ల ఇవతల్నుంచే కనిపించింది. ఆవిడ మనసులో దండం పెట్టుకుంది.

"పుస్తకం అక్షరాలా నిజం మేడమ్," అన్నారాయన మెల్లిగా. తర్వాత మొహం వికసించింది. "అర్జీ కూడా అక్షరాలా నిజం. పుస్తకంలో ఉన్నది గేదె. మనుషులు కాదు. మూడొందల పన్నెండు పేజీల్లో దిబ్బపాలెం మనిషి పేరు ఒక్కటి చూపించమనండి."

వసుంధరగారు వెనక పేజీల్లో పేర్ల పట్టిక అంతా చూశారు. హాబ్సన్ దొర ఉన్నాడు. ఆయన కుక్క ఉంది. అధ్యక్షులందరూ ఉన్నారు. గోనె మిల్లు ఉంది. దిబ్బపాలెం మనుషులు లేరు. మూల కుర్చీలో కూర్చున్న శాస్త్రిగారు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

వసుంధరగారు మంచి మనిషే. కాని మంచితనానికి ఆధారం కావాలి, ఆధారానికి కాగితం కావాలి, కాగితంలో గేదె ఒక్కటే ఉంది. ఉత్తర్వు చెప్పి రాయించారు. సదరు గేదె దిబ్బపాలెం నందు నూరు సంవత్సరములుగా స్థిరనివాసము ఉన్నట్లు క్లబ్బువారి గ్రంథము, పశువైద్యుని ధ్రువపత్రము, మండలివారి గుర్తింపు ద్వారా రుజువైనది. మనుష్యులు ఉన్నట్లు ఆధారము లేదు. కావున దిబ్బపాలెం స్థలమునకు గేదె పేరున పట్టా మంజూరు చేయడమైనది. ప్రస్తుతము అచ్చట ఉన్న ముప్ఫై రెండు కుటుంబములవారు గేదెకు పరిచారకుల హోదాలో, గేదె జీవించి ఉన్నంతకాలము నివసించవచ్చును.

పాలెం వాళ్లు వరండాలో కేరింతలు కొట్టారు. నూకాలు మాత్రం కదల్లేదు. "అది సచ్చిపోతేనమ్మా?"

"అప్పుడు స్థలం క్లబ్బుకి వెళుతుంది."

హేరంబరావుగారు నవ్వారు. నవ్వు సగంలో ఉండగా ఆయనకి ఇంకేదో గుర్తొచ్చింది. గేదె చస్తే సంప్రదాయం తెగుతుంది. తెగితే నూట ఇరవై ఎకరాల కౌలు రద్దు. నవ్వు మెల్లిగా జారిపోయింది. "గేదె చావదు మేడమ్," అన్నారు నీరసంగా. "నూరేళ్లుగా చావలేదు. తీర్మానం ఉంది."

ఆ తర్వాత మంగకి జరిగిన మర్యాదలు ఏ మంత్రికీ జరిగి ఉండవు. పాలు పితకడానికి ప్రత్యేక అనుమతి వచ్చింది. దూడ మీద నోటీసు వెనక్కి తీసుకున్నారు. పాలెంలో పిల్లలకి జ్వరం వస్తే ఏ డాక్టరూ వచ్చేవాడు కాదు, మంగ తుమ్మితే పశువుల డాక్టరు వచ్చేవాడు. నూకాలుకి నవ్వు వచ్చేది, ఒళ్లూ మండేది. అయినా మంగంటే ఆవిడకి ప్రాణం. గేదె పేరున పట్టా ఉన్నా లేకపోయినా ప్రాణమే.

మూడో ఏడు శ్రావణమాసంలో, మిట్టమధ్యాహ్నం వేళ, తాటితోపులో మంగని పాము కరిచింది. నూకాలు వెళ్లేసరికి నోట నురగ కారుతోంది. తల ఒళ్లో పెట్టుకుంది. మంగ ఒకసారి కళ్లెత్తి చూసి పోయింది.

"ఓలమ్మో! మంగా!" అని నూకాలు గుండెలు బాదుకోబోయింది. అప్పటికే పాలెం ఆడవాళ్లు చుట్టూ చేరారు. ఒకావిడ ఆమె నోరు మూసేసింది. ఇంకొకావిడ రెండు చేతులూ పట్టుకుంది.

"అరవకే అప్పా! నీకు దండం. కంచె అవతల ఆడతన్నారు. ఇన్నారంటే ముప్పైరెండు కొంపలూ పోతాయే!"

నూకాలు అరవలేదు. ఆ చేతికింద నోరు తెరిచే ఉంది, శబ్దం మాత్రం రాలేదు. వానలో మగాళ్లు తోపులో గొయ్యి తవ్వారు. పైన తాటిమట్టలు కప్పారు. సాయంత్రానికి పక్క పాలెం నుంచి ఇంకో గేదెని తోలుకొచ్చారు. అది ఎర్రగా, పొట్టిగా, కొమ్ములు కిందికి వాలి ఉంది.

మర్నాడు ఏడింటికి నూకాలు దాన్ని క్లబ్బులోకి తోలింది. అది మూడో జెండా దగ్గర పడుకుంది. హేరంబరావుగారు వచ్చారు. గేదెని ముందునుంచి చూశారు, వెనకనుంచి చూశారు, కొమ్ములు చూశారు. నూకాలు మొహం చూశారు.

"బాగుందా మంగ?" అన్నారు చివరికి.

"బాగుంది బాబూ."

"కొంచెం రంగు మారినట్టుంది."

"వయసైపోనాది కదా బాబూ."

ఆయన టోపీ తీసి, ఒక్క క్షణం తల వంచి, మళ్లీ పెట్టుకున్నారు. హాజరు పుస్తకంలో టిక్కు పెట్టారు. "రేపు వీరి నూట మూడో పుట్టినరోజు. ఫొటోలు తీస్తారు. నువ్వు కాస్త నవ్వుతూ ఉండాలమ్మా," అన్నారు.

మంగ పోయిన మూడోరోజున నూకాలు ఇస్త్రీ చీర కట్టుకుని, ముక్కూమొహం తెలియని గేదె మెడ మీద చెయ్యేసి నిలబడింది. చుట్టూ చప్పట్లు. ఫొటోవాడు నవ్వమన్నాడు. నవ్వింది.

పుస్తకం రెండో ముద్రణలో ఆ ఫొటో వేశారు. దిబ్బపాలెం మనిషి క్లబ్బు చరిత్రలోకి ఎక్కడం అదే మొదలు. కింద ఒక వాక్యం ఉంది. నూకాలు దాన్ని శాస్త్రిగారి చేత చదివించుకుంది. ఆయన వేలు పెట్టి చదివాడు.

"మంగ, వయసు 103. పక్కన పరిచారకురాలు."

నూకాలు పేజీని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది.

"నాను నవ్వుతున్నట్టే ఉందా బాబూ?" అంది.

"నవ్వుతున్నట్టే ఉంది," అన్నాడు శాస్త్రి.

"అయితే సాలు," అని పుస్తకం మూసేసింది.